సాక్ష్యంలో నేను వదిలేసిన మాట

మా లూథరన్ సంఘంలో ఎవరైనా గండం నుంచి బయటపడితే చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆపరేషన్ బాగా జరిగినా, పాము కరిచి బతికినా, ముందు అందరికీ వందనాలు చెప్పి, జరిగింది చెప్పి, దేవుడికి స్తోత్రం చెల్లించి కూర్చోవాలి. నేను సాక్ష్యం చాలా బాగా చెప్పేదాన్ని. ఇరవయ్యేళ్లకు పైగా పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతున్నదాన్ని కదా, గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగితే జనం కళ్లు తుడుచుకుంటారో నాకు తెలుసు. ఆ నేర్పే నా కొంప ముంచింది.

నా పేరు కరుణ. గోదావరి కాలువ పక్కన ఒక ఊళ్లో హైస్కూలు టీచర్ని. ఇది నా కుడిచెయ్యి, నా గొంతు, కొన్నాళ్లు నా మతీ నా మాట వినకుండా పోయిన సంవత్సరం గురించి. నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే, రిపోర్టులన్నీ బాగున్నాయి గనుక నీకేమీ లేదని అందరూ అంటుంటే, వాళ్ల కోసం రాస్తున్నాను. ఇంకొక మనిషి కోసం కూడా రాస్తున్నాను. ఆ మనిషికి పదకొండేళ్లు.

జూలై

ఊడ్పుల రోజులు. కాలువ నిండుగా పారుతోంది. మా స్త్రీల సమాజం వాళ్లం పక్క ఊళ్లో ప్రార్థన కూడికకు వెళ్లి సాయంత్రం ఆటోలో తిరిగి వస్తున్నాం. ఆటో కాలువలోకి పల్టీ కొట్టింది. గుర్రపుడెక్క తీస్తున్న ఇద్దరు రైతులు దూకి మమ్మల్ని ఒక్కొక్కరినీ లాగారు. ఏడుగురిలో ఆరుగురం ఒడ్డుకు వచ్చాం. రాని మనిషి రూతు, మా మరిది దానియేలు భార్య, నా తోడికోడలు. నాకన్నా పన్నెండేళ్లు చిన్నది. నన్ను నోరారా అక్కా అని పిలిచేది.

రూతుకి ఒక్కతే కూతురు, జెస్సీ. ఆరో తరగతి, నా స్కూల్లోనే. మా ఇళ్లు ఒకే వీధిలో ఉంటాయి. సమాధి కార్యక్రమం అయ్యేదాకా ఆ పిల్ల నా పమిట కొంగు వదల్లేదు.

రెండు వారాలు తిరక్కుండానే మా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఇంటికి వచ్చి, "టీచరు గారూ, వచ్చే ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాలండి. సంఘానికి ధైర్యం వస్తుంది" అన్నారు. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. నేనే ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. నీళ్లలో మునిగిన దగ్గర మొదలుపెట్టి ఒడ్డుకు చేరిన దాకా చెప్పాను. చివర్లో, "దేవుడికి నాతో ఇంకా పని ఉంది గనుకనే నన్ను ఒడ్డుకు చేర్చాడు" అన్నాను. చర్చి అంతా ఆమెన్ అంది.

బయట చెప్పులేసుకుంటుంటే జెస్సీ అడిగింది: "పెద్దమ్మా, మరి మా అమ్మతో దేవుడికి పని లేదా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం రాకపోతే రాదని చెప్పి, పిల్లను దగ్గరకు తీసుకుంటే సరిపోయేది. నేనేం చేశానో తెలుసా? కళ్లు పెద్దవి చేసి, "తప్పు, అలా అనకూడదు. ఇంటికెళ్లి ప్రార్థన చేసుకో" అన్నాను. క్లాసులో అల్లరి చేసే పిల్లలతో మాట్లాడే గొంతుతోనే అన్నాను. ఆ రోజు నుంచి జెస్సీ నా కొంగు పట్టుకోలేదు.

సెప్టెంబరు

నా సాక్ష్యం బాగుందని పేరొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల సంఘాలు పిలిచాయి. ఉజ్జీవ సభలకి పిలిచారు. శాలువాలు కప్పారు. విచిత్రం ఏంటంటే, నాతో సరిగా మాట్లాడని జెస్సీ ప్రతి చోటికీ వస్తానని పట్టుబట్టేది. వచ్చి మొదటి వరసలో కూర్చుని, నా నోటి వంకే చూస్తూ వినేది. "పిల్లకి నా మాటల్లో ఆదరణ దొరుకుతోంది" అని నేను నలుగురికీ చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

మొదట చెయ్యి పోయింది. బోర్డు మీద పాఠం పేరు రాస్తుంటే సుద్దముక్క కింద పడింది. వంగి తీశాను, మళ్లీ పడింది. మోచేతి కింద నుంచి చెయ్యి ఎవరిదో తెచ్చి నాకు తగిలించినట్టుంది. బరువు తెలుస్తోంది గానీ స్పర్శ తెలియడం లేదు. మెడ నరం నొక్కుకుందేమో అన్నారు స్టాఫ్‌రూములో. ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్లు ఇచ్చారు. వారం తర్వాత అన్నం ఎడమచేత్తో తింటున్నాను.

తర్వాత శబ్దాలు దూరమయ్యాయి. పిల్లలు గొంతెత్తి చదువుతుంటే నోళ్లు కదలడం కనిపించేది, శబ్దం మాత్రం పక్క ఊరి మైకులోంచి వచ్చినట్టుండేది. ఒక్కోసారి నేను వెనక బెంచీ మీద కూర్చుని చూస్తున్నట్టుండేది. బోర్డు దగ్గర ఒక లావుపాటి టీచరు నిలబడి ఏదో చెబుతూ ఉండేది. ఆవిడ నేనే అని తెలుసు, కానీ ఆవిడకీ నాకూ సంబంధం లేనట్టుండేది. భయం కూడా వేసేది కాదు. అది తలుచుకుంటేనే ఇప్పుడు భయం వేస్తోంది.

ఒకరోజు స్కూలుకని బయల్దేరినదాన్ని రావులపాలెం బస్టాండులో తేలాను. ఒక కాలికి చెప్పు లేదు. పిడికిట్లో బస్సు టికెట్టు ఉంది. ఆ బస్సు ఎక్కడ ఎక్కానో, దారిలో ఏం చూశానో ఈనాటికీ నాకు తెలియదు. అరటిగెలలు మోసే ఒకావిడ నన్ను తన గోనెపట్టా మీద కూర్చోబెట్టి, నా ఫోను తీసుకుని మావారికి చేసింది. ఆయన వచ్చేదాకా బేరాలు మానుకుని నా పక్కనే కూర్చుంది. ఆవిడ పేరు అడగలేదు.

నవంబరు, కోతపండుగ

మా చర్చిలో ఆ ఆదివారం బలిపీఠం ముందు వరికంకులు, గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు పేరుస్తారు. కొత్త పంటకి కృతజ్ఞత చెప్పే రోజు. నన్ను మళ్లీ సాక్ష్యానికి పిలిచారు. లేచి నిలబడి వందనాలు చెప్పబోయాను. నోరు తెరిచాను, గాలి వచ్చింది, మాట రాలేదు. మైకు పాడైందనుకుని ఎవరో తట్టి చూశారు. ఎదురుగా మొదటి వరసలో జెస్సీ. ఆ పిల్ల ముఖం చూస్తుండగానే కాళ్లు లేనట్టయి వరికంకుల మీద పడిపోయాను. ఒళ్లంతా కొట్టుకుందట. మూర్ఛ అన్నారు.

ఆ తర్వాత ఆరు నెలలు నాకు గుసగుస తప్ప గొంతు లేదు. తెలుగు టీచర్ని, గొంతు లేదు, చెయ్యి లేదు. మెడికల్ లీవు పెట్టాను.

రాజమండ్రిలో ఒక నరాల డాక్టరు దగ్గర, కాకినాడలో ఇంకొకరి దగ్గర తలకీ మెడకీ స్కానింగులు తీశారు. గొంతులోకి గొట్టం వేసి చూశారు. ప్రతిసారీ అదే మాట, "అంతా నార్మలేనండి." నార్మల్ అన్న మాట విని ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏదో ఒక జబ్బు పేరు చెబితే బాగుండునని ప్రార్థన చేశాను.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. దురాత్మ అన్నవాళ్లు కొందరు. వాళ్లే నయం, నూనె రాసి ఉపవాసముండి ప్రార్థన చేశారు. నాటకం అన్నవాళ్లు ఎక్కువ. స్కూలు ఎగ్గొట్టడానికి అని, శాలువాలు చాలక అని. మా అత్తగారు రూతు పోయినప్పటి నుంచి మరిది ఇంట్లోనే ఉండి వంట చేస్తోంది. ఒకనాడు వచ్చి నా ఎదురుగా కూలబడి, "ఒక కోడలు పోయింది. మిగిలినదానివి నువ్వూ ఇలా అయిపోతే ఎలాగే?" అంది. మిగిలినదానివి అన్న మాట నా చెవుల్లో చాలా రోజులు ఉండిపోయింది.

మావారు ప్రసాదరావు ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తారు. నోట్లో నాలుక లేని మనిషి. ఆఫీసులో ఎవరు ఏమన్నారో, ఒక మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే వచ్చి నా కుడి అరచేతిలో పిన్నీసు గుచ్చారు. నాకు తెలియలేదు. లేచి చూసేసరికి చీర మీద రక్తం చుక్క, మంచం పక్కన నేల మీద కూర్చుని ఈయన. "నాటకమేమోనని చూశానే. నన్ను క్షమించు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కోపం రావాలి కదా. రాలేదు. ఆ చెయ్యి నాది కాదన్నట్టు, ఎవరి చేతికో గుచ్చితే నాకేంటన్నట్టు చూశాను. ఆ చూపుకే ఆయన ఎక్కువ భయపడ్డారు.

శ్రమకాలం

కాకినాడ డాక్టరు గారే చివరికి, "ఒకసారి మానసిక వైద్యుల్ని కలవండమ్మా" అని చీటీ రాశారు. మావారు ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు. నెల్లాళ్లు దాచుకున్నారు. ఈస్టర్‌కి ముందు శ్రమకాలం మొదలయ్యాక, నేను ఒక పూటంతా ఎవరినీ గుర్తుపట్టకుండా కూర్చున్నానట, అప్పుడు తీశారు.

వెయిటింగు హాల్లో తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని నేను తలమీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. పక్కన ఉప్పాడ నుంచి వచ్చిన ఒక చేపలమ్మే ఆవిడ, ఆవిడ భర్త ఉన్నారు. సముద్రం వాళ్ల ఇంటి గోడ లాక్కుపోయిన రోజు నుంచి ఆయన కాళ్లు కదలడం లేదట.

"ఈయనకీ ఫోటోలన్నీ బాగానే వచ్చాయమ్మా. కాళ్లే రాలేదు" అంది.

ఎన్నో నెలల తర్వాత నవ్వాను. గొంతు లేని నవ్వు. ఆవిడ నా కుడిచెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు పట్టుకున్నా నాకు తెలియదమ్మా" అని గుసగుసగా అన్నాను.

"నీకు తెలీకపోతే ఏంటమ్మా, నాకు తెలుస్తుంది కదా" అంది. మా పేరు పిలిచేదాకా అలాగే ఉంచుకుంది.

డాక్టరమ్మ చిన్నావిడ, నా పాత స్టూడెంట్ల వయసు ఉంటుంది. రిపోర్టులన్నీ తిప్పి పక్కన పెట్టి అంది: "నార్మల్ అంటే మీకు జబ్బు లేదని కాదండి. నరం తెగలేదని మాత్రమే. మీ చెయ్యి పనిచెయ్యకపోవడం నిజం. మీ గొంతు పోవడం నిజం. మీరు నటించట్లేదు. భరించలేనిది వచ్చి పడితే మనసు పక్కకి తప్పుకుంటుంది. అప్పుడు ఒంటిని నడిపించే పని కూడా తప్పుతుంది. ఇది మీ తప్పూ కాదు, దెయ్యమూ కాదు. చాలామందికి తగ్గుతుంది. టైము పడుతుంది."

మావారు తల దించుకుని ఆ పిన్నీసు సంగతి ఆవిడకి చెప్పారు. ఆవిడ ఆయన్ని తిట్టలేదు. మంచినీళ్లు ఇచ్చింది.

వారం వారం వెళ్లాం. మొదట ఆవిడ నన్ను ఏమీ చెప్పమనలేదు. పాదాలు నేలకి ఆనించి నేల చల్లగా ఉందో లేదో చూడమనేది. గదిలో కనిపించేవి పేరు పెట్టి చెప్పమనేది. పిల్లల ఆటలా ఉందే అనుకున్నాను. కానీ శబ్దాలు దూరమవుతున్నప్పుడు ఆ ఆటే నన్ను వెనక్కి తెచ్చేది. ఇంకో గదిలో ఫిజియోథెరపీ ఆవిడ పళ్లెంలో పెసలు పోసి ఏరమనేది. ఒక్క గింజ రావడానికి మూడు వారాలు పట్టింది.

ఈస్టర్‌కి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం దాటాక ఒకరోజు డాక్టరమ్మ, "ఆ సాయంత్రం సంగతి చెప్పగలరా?" అంది. నేను గుసగుసగా నా సాక్ష్యం మొదలుపెట్టాను. ఆటో ఒరిగింది, నీళ్లు వచ్చాయి.

"ఆగండి. ఆటో ఎక్కకముందు నుంచి చెప్పండి" అంది.

అన్ని ఊళ్లు తిరిగాను, అన్ని మైకుల్లో చెప్పాను, ఆటో ఎక్కకముందు ఏం జరిగిందని ఒక్కరు కూడా అడగలేదు. అడగాలని తోచకుండా నేనే అలా చెప్పేదాన్ని. ఒరిగిన దగ్గర మొదలుపెడితే ఇక అంతా దేవుడి చిత్తమే.

ఎక్కకముందు జరిగింది ఇది. ఆటో డ్రైవరు, "రెండు ట్రిప్పులు వేస్తానండి, వాన పడి గట్టు జారుతోంది" అన్నాడు. రూతు, "నేనూ పెద్దవాళ్లూ రెండో ట్రిప్పులో వస్తాం, నువ్వు వెళ్లక్కా" అంది. మర్నాడు నాకు స్కూల్లో ఇన్‌స్పెక్షన్ ఉంది. సమాజం ప్రెసిడెంటుని కూడా నేనే, నేను అంటే అయిపోవాలి. "సర్దుకుంటే అందరం సరిపోతాం, రావే" అని రూతు చెయ్యి పట్టుకుని లాగి, డ్రైవరు పక్కన అంచు మీద కూర్చోబెట్టాను. ఈ కుడిచేత్తోనే. తర్వాత ఊరంతా ఎక్కువమందిని ఎక్కించాడని డ్రైవర్ని తిట్టింది, పోలీసులు కేసు పెట్టారు. నేను నోరు మెదపలేదు. మిగతా ఆడవాళ్లకీ తెలుసు. టీచరు గారు కదా అని వాళ్లూ ఊరుకున్నారు.

చెప్పడం అయ్యింది. ఈసారి వెనక బెంచీ మీదకి వెళ్లిపోలేదు, నా ఒంట్లోనే ఉన్నాను. చాలా నొప్పిగా ఉంది. చెప్పగానే చెయ్యి లేచిందనుకునేరు, లేవలేదు. గొంతు మే నెలలో కొంచెం కొంచెంగా వచ్చింది. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా నాది కాలేదు. "ఒక్క ముడి విప్పితే అంతా విడిపోదండి" అంది డాక్టరమ్మ. కానీ విప్పాల్సిన ముడి ఏదో నాకు తెలిసింది. అది ఆవిడ గదిలో లేదు, మా వీధిలో ఉంది.

మళ్లీ జూలై

రూతు పోయి ఏడాది అవుతోందని జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అయ్యగారు వచ్చి, "ఆ రోజే మీ స్వస్థత సాక్ష్యం కూడా చెబుతారాండి?" అని అడిగారు. చెప్పనన్నాను. ఎందుకు చెప్పనో ఆయనకి అంతా చెప్పాను. "రెండు వారాలకే మిమ్మల్ని నిలబెట్టాను. ఏడవడానికి కూడా టైమివ్వలేదు. తప్పు నాదీ ఉందమ్మా" అన్నారు. పెద్ద మనసున్న మనిషి. అయినా ఆ తప్పులో సగం తీసుకుపొమ్మని ఆయనకి ఇవ్వలేను కదా.

కూడికకి ముందు శనివారం మరిది ఇంటికి వెళ్లాను. జెస్సీ అరుగు మీద కూర్చుని పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. ఏడో తరగతికి వచ్చింది, జడలు తనే వేసుకుంటోంది. నేను పక్కన కూర్చున్నాను. పాదాలు నేలకి ఆనించుకున్నాను.

"ఆ రోజు మీ అమ్మ రెండో ట్రిప్పులో వస్తానంది. నేనే చెయ్యి పట్టుకుని లాగి ఎక్కించాను" అన్నాను. వందనాలు లేవు, ఇంకేమీ లేవు.

జెస్సీ అట్ట మడత పెట్టడం ఆపలేదు. "నాకు తెలుసు" అంది.

"ఎలా?"

"అమ్మ ఫోన్ చేసింది కదా. రెండో ఆటోలో వస్తాను, లేటవుతుంది, నువ్వు అన్నం తినేసెయ్ అంది. తర్వాత మొదటి ఆటోలో ఉందన్నారు. అమ్మ నాకు అబద్ధం చెప్పదు. మరి మొదటి దాంట్లోకి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేదు." అట్ట అంచు గోటితో నొక్కి అంది: "నువ్వు చెప్తావేమోనని ప్రతి ఊరికీ వచ్చాను పెద్దమ్మా. ప్రతిసారీ నీళ్లలోంచే మొదలుపెట్టేదానివి."

ఆదరణ కోసం వచ్చిందనుకున్నాను. మొదటి వరసలో కూర్చుని, తల్లి మాట నా నోట వస్తుందేమోనని ఊరూరా కాచుకుంది ఆ పిల్ల. నేను శాలువాలు కప్పించుకుని ఇంటికొచ్చాను.

ఏడ్చాను. అది ఓదార్చలేదు, లేచి వెళ్లిపోనూ లేదు. ఇంకో పుస్తకం తీసి అట్ట వెయ్యడం మొదలుపెట్టింది. లోపల దానియేలు అంతా విన్నాడు. బయటికి వచ్చి నన్ను దాటుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడడు. మా అత్తగారు నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి లోపలికి వెళ్లింది. మర్నాడు మావారూ నేనూ డ్రైవరు ఇంటికి వెళ్లాం. వకీలు గారితో మాట్లాడి, ఆ రోజు అందర్నీ ఎక్కమన్నది నేనేనని పోలీసు స్టేషనులో రాసిచ్చాను. డ్రైవరు, "అప్పుడే చెప్పుంటే బాగుండేదండి" అన్నాడు. అంతకన్నా ఎక్కువ అనే హక్కు ఉన్నవాడు.

కూడికలో నేను వెనక వరసలో కూర్చున్నాను. అంతా అయ్యాక జెస్సీ నా దగ్గరకి వచ్చి, "ఇంక ఎక్కడైనా చెప్తే మొదట్నుంచీ చెప్పు పెద్దమ్మా" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇన్నాళ్లకి మొదట్నుంచీ రాశాను. ఎడమచేత్తో కొంత, కుడిచేత్తో కొంత. ఇలాంటి జబ్బుతో ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, నాటకం అనకండి, పిన్నీసులు గుచ్చకండి. గండం దాటినవాళ్లని వెంటనే మైకు ముందు నిలబెట్టకండి. పెద్ద ఆసుపత్రుల్లో మనసు డాక్టర్లూ ఉంటారు, ఆ చీటీ జేబులో దాచుకోకండి.

రాయడం అయ్యాక ముందు జెస్సీకే చదివి వినిపించాను. వాళ్ల అమ్మ మాటలు వచ్చిన చోట ఇంకోసారి చదవమంది. చదివాను. చివర్లో, ముగింపు బాగుండాలని, "జెస్సీ నన్ను క్షమించింది" అని ఒక వాక్యం రాశాను. అక్కడికి వచ్చేసరికి నా చేతిలోంచి కాగితం తీసుకుని ఆ వాక్యం చూసింది.

"ఇది నేనింకా అనలేదు కదా పెద్దమ్మా" అంది.

కొట్టేశాను.